మా పాప నిద్రలో కళ్ళు తెరిచే కేకలు పెడుతోంది, మమ్మల్నే గుర్తుపట్టట్లేదు. ఎవరింట్లోనైనా ఇలా ఉందా?

సింధు_కాకినాడ
అందరికీ నమస్తే అండి. మా పాపకి నాలుగేళ్ళు దాటాయి, జూన్‌లో ఎల్‌కేజీలో వేశాం. స్కూలు మొదలైన కొన్నాళ్ళకి ఇది మొదలైంది. తొమ్మిదిన్నర పదికి పడుకుంటుంది, పదకొండు పదకొండున్నర మధ్యలో ఒక్కసారిగా లేచి కూర్చుని గొంతు చించుకుని అరుస్తుంది. కళ్ళు పెద్దగా తెరిచే ఉంటాయి కానీ నన్ను చూస్తున్నట్టు ఉండదు, నా వెనకాల ఇంకెవరో నిలబడినట్టు అటే చూస్తుంది. ఒళ్ళంతా చెమట, జుట్టు తడిసిపోయి నుదుటికి అతుక్కుపోతుంది, వీపు మీద చెయ్యి వేస్తే గుండె దడదడలాడటం తెలుస్తుంది. ఎత్తుకోబోతే తోసేస్తుంది. "అమ్మ కావాలి, అమ్మ కావాలి" అని నా చేతుల్లోనే ఉండి ఏడుస్తుంది, నేనే అమ్మనిరా బంగారం అంటే ఇంకా గింజుకుంటుంది. అలా పది నిమిషాలో పావుగంటో అయ్యాక ఠక్కున ఆగిపోయి పడుకుండిపోతుంది. పొద్దున్న ఏమీ తెలీదు, ఉప్మా వద్దు దోసె కావాలని మామూలు గొడవే.

వారంలో రెండు మూడు రాత్రులు ఇదే వరస. మొన్న పక్క ఫ్లాటువాళ్ళు తలుపు కొట్టి పాపని ఏమైనా కొట్టారా అని అడిగారు, నాకు ఏడుపొచ్చేసింది. అత్తయ్యగారేమో ఎక్కడో దడుసుకుంది, మంత్రం వేయించాలి అంటున్నారు. మావారు న్యూరాలజిస్టుకి చూపిద్దాం అంటున్నారు. ఇది అసలు ఏంటి, లేపాలా వద్దా, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పద్మ_గుంటూరు
సింధు గారూ, కంగారు పడకండి. నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని, ఇలాంటి అమ్మానాన్నలు ఓపీకి వస్తూనే ఉంటారు. మీరు చెప్పిన వరస చూస్తే దీన్ని నైట్ టెర్రర్ అంటారు, పీడకల వేరు, ఇది వేరు. పీడకల ఎక్కువగా రాత్రి రెండో సగంలో, తెల్లవారుజాము వైపు వస్తుంది, పిల్ల పూర్తిగా మేలుకుంటుంది, దెయ్యం వచ్చిందనో కుక్క తరిమిందనో చెప్తుంది, మన మెడ పట్టుకుని వదలదు. ఇదేమో పడుకున్న గంట నుంచి మూడు గంటల లోపు, మంచి గాఢనిద్రలో వస్తుంది. గాఢనిద్ర నుంచి తేలిక నిద్రలోకి మారాల్సిన టైములో మెదడు సగమే లేస్తుంది. త్రీ ఫేజ్ కరెంటులో ఒక ఫేజు పోతే ఫ్యాను తిరుగుతుంది లైటు మాత్రం వెలగదు చూడండి, అచ్చం అలాగ. అరిచేది, కాళ్ళూ చేతులూ ఆడించేది లేచింది, అమ్మని గుర్తుపట్టేది, జరిగింది గుర్తుంచుకునేది ఇంకా నిద్రలోనే ఉంది. అందుకే పొద్దున్నకి ఏమీ గుర్తుండదు. చూసే మనకి ప్రాణం పోతుంది కానీ పాప మనసులో ఆ భయం మిగలదు, ఇది మాత్రం నమ్మండి.

లేపొద్దు. కుదపడం, మొహం మీద నీళ్ళు కొట్టడం, గట్టిగా పట్టేసుకోవడం వీటివల్ల గింజుకోవడం ఇంకా పెరుగుతుంది, బలవంతంగా లేపితే ఎక్కడుందో తెలీక అప్పుడు నిజంగానే భయపడుతుంది. పెద్ద లైటు వెయ్యకండి, ఇంట్లో అందరూ చుట్టూ మూగకండి. ఒక్కళ్ళే పక్కన కూర్చుని మంచం మీంచి పడకుండా చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా "ఏం లేదమ్మా, పడుకో" అంటూ ఉండండి, అది కూడా ముట్టుకుంటే ఒప్పుకునేట్టయితేనే చెయ్యి వెయ్యండి. దానంతట అదే ఆగుతుంది. పొద్దున్న "రాత్రి ఎందుకరిచావు, ఏం కనిపించింది" అని ప్రశ్నలు వద్దు, అడిగీ అడిగీ పడుకోవడమంటేనే భయం పుట్టిస్తాం.

ఒక్కటి చెప్పండి, పాప మధ్యాహ్నం పడుకుంటోందా? పొద్దున్న ఎన్నింటికి లేపుతున్నారు?

సింధు_కాకినాడ
పద్మ గారూ చాలా థాంక్సండి, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. మధ్యాహ్నం నిద్ర లేదండి. స్కూల్లో వెయ్యకముందు భోజనం చేశాక రెండు గంటలు పడుకునేది, ఇప్పుడు మూడున్నరకి ఇంటికొస్తుంది, అప్పుడు పడుకోబెడితే రాత్రి పడుకోదని ఆపేశాం. పొద్దున్న ఆరున్నరకి లేపాలి, ఏడున్నరకి వ్యాను. రాత్రి వాళ్ళ నాన్న డ్యూటీ నుంచి వచ్చేదాకా పడుకోనని కూర్చుంటుంది.

పద్మ_గుంటూరు
అదేనండి, నాకు అనుమానం వచ్చింది అందుకే. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి పగలూ రాత్రీ కలిపి పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి. మీ పాపకి తొమ్మిది కూడా పడట్లేదు, పైగా అలవాటైన మధ్యాహ్నం నిద్ర ఒక్కసారిగా పోయింది. నిద్ర తక్కువైన పిల్లలు పడుకోగానే మరీ లోతుగా పడిపోతారు, అంత లోతులోంచి పైకొచ్చేటప్పుడే ఇది జరుగుతుంది. జూన్, జూలైల్లో ఈ కేసులు ఎక్కువ కనిపించడం మా వార్డులో అందరికీ తెలిసిన సంగతే, బడి మొదలవుతుంది, నిద్ర తగ్గుతుంది, కొత్త టీచరు కొత్త పిల్లలు, పైగా ఏదో ఒక జలుబూ జ్వరమూ. జ్వరం వస్తే కూడా ఇది పెరుగుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు మీరు చెయ్యాల్సింది ఒకటే, ఎనిమిదింపావుకి పాప పక్క మీద ఉండాలి. ఇంట్లో మిగతావాళ్ళు సీరియల్ చూసుకున్నా సరే ఆ గదిలో టీవీ, ఫోను ఉండకూడదు. నాన్న కోసం మెలకువగా ఉండే అలవాటుని పొద్దున్న అరగంటకి మార్చండి, స్నానం ఆయనే చేయించి జడ వేసి వ్యాను ఎక్కిస్తే పాపకీ ముచ్చట తీరుతుంది.

హన్మకొండ_నాన్న
అక్కా మా బాబుకు ఐదేండ్లు, వాడు అరుసుడే గాదు లేచి నడుస్తడు కూడా. ఒకనాడు మెయిన్ డోర్ గడియ తీస్తుంటే మా చెల్లె చూసింది, మేమున్నది మూడో ఫ్లోర్, తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జల్లుమంటది. మా అమ్మను అడిగితే నేను సుత చిన్నప్పుడు నిద్రల లేచి వాకిట్ల పోయి నిలబడేటోన్ని అని చెప్పింది. డాక్టర్ సారు కూడా అదే అడిగిండు, తల్లిదండ్రులల్ల ఎవరికన్న నిద్రల నడిచే అలవాటు ఉండెనా అని, ఇది వంశంల వస్తదంట.

అందుకని నేను చెప్పేది ఇంటి గురించి. మంచం తీసేసి పరుపు కింద వేసినం. తలుపుకు పైన వాని చెయ్యి అందనంత ఎత్తుల ఇంకో గడియ పెట్టిచ్చిన. బాల్కనీ డోర్ రాత్రి తాళం. కిచెన్ల కత్తులు, గ్లాసులు పైకి. దోమల కాయిల్, టేబుల్ ఫ్యాన్ వాని పక్కన ఉంచం. ఇండ్లల్ల మెట్లు ఉన్నోళ్ళు చిన్న గేటు పెట్టించుకోండ్రి. రెండంతస్తుల మంచం మీద పైన అయితే అసలే పండపెట్టకుండ్రి. వాడు లేచి నడుస్తుంటే ఆపుడు, ఒర్లుడు వద్దు, భుజం మీద మెల్లగ చెయ్యేసి పరుపు దిక్కు తిప్పితే వాడే పోయి పంటడు.

అమ్మమ్మ_అమలాపురం
అమ్మాయ్ సింధూ, నేను ఆరుగురు మనవళ్ళని పెంచినదాన్ని. మీ అత్తగారు చెప్పింది తీసిపారేయకమ్మా. సాయంత్రం దీపం పెట్టాక ఉప్పూ ఎండుమిరపకాయలూ దిష్టి తీసి, ఆంజనేయస్వామి గుళ్ళో సింధూరం బొట్టు పెట్టించి, పడుకునే ముందు నువ్వు పక్కన కూర్చుని దండకం చదివితే పిల్ల స్థిమితంగా పడుకుంటుంది. మా కాలంలో బడికి కొత్తగా వెళ్ళిన పిల్లలందరికీ ఇది చేసేవాళ్ళం.

కిరణ్_కూకట్‌పల్లి
ఇంకా ఈ కాలంలో కూడా దిష్టి ఏంటండీ, పైన నర్సు గారు అంత క్లియర్‌గా చెప్పాక కూడా. ఇలాంటి సలహాల వల్లే జనం డాక్టర్ దగ్గరికి లేటుగా వెళ్తారు.

పద్మ_గుంటూరు
కిరణ్ గారూ పెద్దావిడతో అలా వద్దండి. అమ్మమ్మ గారు చెప్పిన దాంట్లో రోజూ ఒకే టైముకి దీపం, బొట్టు, పక్కన కూర్చుని వినిపించే మెల్లని పాఠం ఉన్నాయి చూడండి, రోజూ అదే వరసలో జరిగితే పిల్లకి ఇక నిద్రకి వేళయిందని తెలుస్తుంది, అది మేం చెప్పేదానికి అడ్డం కాదు. ఇంట్లో పెద్దవాళ్ళ మనసు కూడా కుదుటపడుతుంది, లేకపోతే వాళ్ళ కంగారు పిల్లకి అంటుకుంటుంది. నా హద్దులు మూడే. మిరపకాయల పొగ, సాంబ్రాణి పొగ పిల్ల గదిలో వద్దు, ముక్కు దిబ్బడా ఆయాసమూ ఉన్న పిల్లలకి అది చాలా చెడు చేస్తుంది. అరుస్తున్నప్పుడు లేపి ఎవరి దగ్గరికీ ఎత్తుకెళ్ళొద్దు. ఇంకా కొన్ని ఊళ్ళల్లో దడుపుకని వాతలు పెట్టే పద్ధతి మిగిలే ఉంది, కాలిన పొట్టలతో వచ్చిన పిల్లల్ని మేం చూశాం, ఎవరు చెప్పినా సరే దానికి మాత్రం అడ్డం నిలబడండి.

అమ్మమ్మ_అమలాపురం
వాతలు మా ఇంట్లో ఎన్నడూ లేవు తల్లీ, పసిపిల్లల ఒంటి మీద నిప్పు పెట్టే చేతులు చేతులేనా. నువ్వు చెప్పిన ఎనిమిదింటి మాట కూడా నిజమే, మా రోజుల్లో పిల్లలు పొద్దుగూకగానే తిని పడుకునేవాళ్ళు.

డాలస్_స్వాతి
ఇక్కడ కూడా అదే కథ అండి, మా బాబుకి మూడున్నర. ఇండియా వెళ్ళొచ్చిన ప్రతిసారీ జెట్‌లాగ్‌తో నిద్ర చెదిరిపోయి ఇవి పెరుగుతాయి. మా పీడియాట్రిషన్ చెప్పిన పద్ధతి రాస్తాను, మాకు బాగా పనిచేసింది. వారం పది రోజులు ఏ టైముకి అరుస్తున్నాడో ఒక కాగితం మీద రాసుకోమన్నారు. మావాడిది దాదాపు రోజూ ఒకే టైముకి వస్తోందని దాంట్లో తెలిసింది. ఆ టైముకి పావుగంట నుంచి అరగంట ముందు మనమే వెళ్ళి భుజం తట్టి కొంచెం కదిలేలా చెయ్యాలి, పూర్తిగా లేపక్కర్లేదు, కళ్ళు సగం తెరిచి ఏదో గొణిగి పక్కకి తిరిగితే చాలు, మళ్ళీ పడుకుంటాడు. అలా రెండు నుంచి నాలుగు వారాలు రోజూ చెయ్యాలి. ఆ లోతు నిద్ర వరస తెగి అరుపు రాకుండా పోతుంది. ఒక్కో రాత్రి ఒక్కో టైముకి వచ్చే పిల్లలకి మాత్రం ఇది కుదరదట.

సింధు_కాకినాడ
స్వాతి గారూ ఇది కొత్తగా వింటున్నాను, రాసుకోవడం ఈ రాత్రి నుంచే మొదలుపెడతాను. పద్మ గారూ ఇంకో డౌటు. మా పక్కవీధి ఆవిడ జలుబు సిరప్ సగం మూత పోస్తే హాయిగా పడుకుంటుంది, మా పిల్లలకి అదే వేస్తాం అన్నారు. నాకు ఇష్టం లేదు కానీ అడుగుతున్నా.

పద్మ_గుంటూరు
అస్సలు వద్దండి. మత్తొచ్చే జలుబు మందులు నిద్ర కోసం పిల్లలకి వెయ్యకూడదు. వాటిల్లో ప్రోమెథజిన్ లాంటివి రెండేళ్ళలోపు పిల్లలకి ఊపిరి తగ్గిపోయే ప్రమాదం ఉందని ఎప్పటి నుంచో హెచ్చరిక ఉంది, పెద్ద పిల్లలకైనా డాక్టరు రాస్తేనే. ఎక్కువమందికి నైట్ టెర్రర్స్‌కి మందే అక్కర్లేదు, వయసు పెరిగే కొద్దీ పోతాయి, చాలామందికి పదేళ్ళు దాటేసరికి, కొందరికి ఇంకొంచెం ఆలస్యంగా.

విజయనగరం_రమ్య
నాదొక మాట. పాపకి గురక ఉందేమో గమనించండి. మా బాబుకి ఇలాగే అరుపులు, నిద్ర టైము సరిచేశాం, టీవీ ఆపేశాం, ఏం చేసినా తగ్గలేదు. నోరు తెరుచుకుని పడుకునేవాడు, గురక పెడుతూ పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయి మళ్ళీ ఒక్కసారి గుక్క తీసుకునేవాడు. మెడ వెనక్కి వాల్చి పడుకునేవాడు, పక్క అంతా చెమటతో తడి. ఈఎన్‌టీ డాక్టరు చూసి ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ అనే గడ్డలూ, గొంతులో టాన్సిల్సూ బాగా పెరిగి ఊపిరి దారికి అడ్డం పడుతున్నాయన్నారు. ఊపిరి అందక నిద్ర మధ్యలో మాటిమాటికీ తెగుతుంటే ఇవి వస్తాయట. ఆపరేషన్ అయ్యాక గురకా పోయింది, అరుపులూ దాదాపు పోయాయి, పగలు చిరాకు తగ్గి అన్నం కూడా బాగా తింటున్నాడు. పిల్లలు గురక పెడితే ముద్దుగా ఉందని నవ్వుకుంటాం, రోజూ పెడుతుంటే మాత్రం చూపించాలి.

కర్నూలు_బాషా
సింధక్కా, భయపెట్టడానికి రాయడం లేదు, తేడా తెలియాలని రాస్తున్నా. మా పాపది కూడా నైట్ టెర్రరే అనుకున్నాం, దర్గాలో తాయత్తు కూడా కట్టించినాం, కానీ అది ఫిట్స్ అని తేలింది. మా పాపకి ఒక్క రాత్రిలోనే నాలుగైదుసార్లు వచ్చేది, ప్రతిసారీ అచ్చు అదే మాదిరి, తల ఒకే వైపుకి తిరిగేది, ఒక చెయ్యి బిగుసుకుని వణికేది, నోట్లోంచి చొంగ, నిమిషంలోపే అయిపోయేది. పడుకున్న పది నిమిషాలకీ వచ్చేది, తెల్లవారుజామునా వచ్చేది. డాక్టర్ గారు మాటలతో చెప్పొద్దు వీడియో తీసుకురండి అన్నారు, ఆ వీడియో చూడగానే ఈఈజీకి, అంటే మెదడులో కరెంటు సంకేతాలు చూసే పరీక్షకి రాసినారు. ఇప్పుడు మందు వాడుతున్నాం, పాప బాగుంది, స్కూలుకి పోతోంది.

మీరు కూడా ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి, మొహమూ చేతులూ కాళ్ళూ కనపడేలా, మొదట్నుంచీ చివరిదాకా. ఏ డాక్టరుకి చూపించినా అదే సగం పని చేస్తుంది.

పద్మ_గుంటూరు
బాషా గారు రాసింది ప్రతి అమ్మా చదవాలి. ఇంకో మూడు కలుపుతున్నాను. పగలు మెలకువగా ఉన్నప్పుడు ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ ఉండిపోవడం, నిద్రలో నాలుక కొరుక్కోవడం, పొద్దున్న ఒక చెయ్యో కాలో నీరసంగా ఉండటం ఇవి ఉంటే ఆలస్యం వద్దు. ఫిట్స్ వస్తే పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో చెంచాలూ వేళ్ళూ పెట్టకూడదు, నీళ్ళు పొయ్యకూడదు, చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఉపయోగం ఏమీ లేదు. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి.

ఇంకోటి, రక్తం. రాత్రిళ్ళు కాళ్ళు లాగుతున్నాయని, ఏదో పాకుతున్నట్టుందని పిల్ల అంటుంటే, నిద్రలో ఊరికే కాళ్ళు తన్నుకుంటుంటే ఐరన్ తక్కువుందేమో చూడాలి, దానివల్ల నిద్ర చెదిరి ఇవి పెరగొచ్చు. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో రక్తహీనత దేశం మొత్తం మీద 67 శాతం, తెలంగాణలో 70 శాతం. హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ కూడా చూడమని డాక్టరుని అడగండి. రిపోర్టు లేకుండా మెడికల్ షాపులో ఐరన్ సిరప్ మాత్రం కొనెయ్యకండి.

సింధు_కాకినాడ
అందరికీ నమస్తే, కొన్ని వారాల తర్వాత వస్తున్నాను. పిల్లల డాక్టరుకి చూపించాం, వీడియో చూసి నైట్ టెర్రరే అన్నారు, ఈఈజీ ఇప్పుడు అక్కర్లేదన్నారు. గురక లేదు, హిమోగ్లోబిన్ కొంచెం తక్కువుందని మందు రాశారు. పడుకునే టైము ఎనిమిదిన్నరకి తెచ్చాం, మొదట్లో నరకం అండి, హాల్లో టీవీ సౌండ్ వినపడితే లేచి పరిగెత్తేది. అత్తయ్యగారే సీరియల్ మానేసి పాప పక్కన కూర్చుని దండకం చదువుతున్నారు, అది అయ్యేలోపే కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆదివారాలు మధ్యాహ్నం పడుకోబెడుతున్నాను.

ఇప్పుడు వారానికి ఒకటి, ఒక్కో వారం అసలు లేదు. మొన్న జ్వరం వచ్చిన రెండు రాత్రులూ మళ్ళీ వచ్చాయి. స్వాతి గారు చెప్పినట్టు ముందే కదపడం చేశాను, కానీ పడుకునే టైము మార్చాక అరుపు టైము కూడా మారిపోయింది, ఇంకా దొరకబుచ్చుకోలేదు. పక్క ఫ్లాటువాళ్ళకి నేనే వెళ్ళి విషయం చెప్పాను, వాళ్ళబ్బాయికి కూడా చిన్నప్పుడు ఉండేదట.

హన్మకొండ_నాన్న
మంచి మాట చెప్పినవ్ అక్కా. నాదొక అడుగుడుంది అందరిని. మా పెద్దపాపకు తొమ్మిదేండ్లు, తమ్ముని పక్కనే పంటది, వాడు ఒర్రుతుంటే ఇది భయపడి ఏడుస్తున్నది, తమ్మునికి దయ్యం పట్టిందని బళ్ళె ఎవరో చెప్పిండ్రంట. దానికెట్ల చెప్పాలె?

డాలస్_స్వాతి
అన్నా, మా పెద్దమ్మాయికి నేను ఉన్నది ఉన్నట్టే చెప్పాను, తమ్ముడు అరుస్తున్నా నిద్రలోనే ఉన్నాడు, వాడికి నొప్పి లేదు, పొద్దున్నకి గుర్తుండదు అని. తనకొక పని కూడా ఇచ్చాను, వాడు అరిస్తే ముట్టుకోకుండా వచ్చి నన్ను పిలవాలి, అంతే. చెయ్యడానికి ఏదో ఒకటి ఉంటే పిల్లలకి భయం తగ్గుతుంది. ఇంకా వాడి ముందు వెక్కిరించకూడదని, బళ్ళో ఎవరికీ చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నాను.

పద్మ_గుంటూరు
స్వాతి గారి మాటే నాదీ. కుదిరితే కొన్నాళ్ళు పెద్దపాపని మీ అమ్మగారి పక్కన పడుకోబెట్టండి, దాని నిద్ర కూడా చెడకూడదు కదా, ఆ వయసులో తొమ్మిది నుంచి పన్నెండు గంటలు కావాలి. పండక్కి ఊరెళ్తే బాబు పడుకునే గది తలుపు ఎటుందో, మేడ మెట్లూ నుయ్యీ ఎటున్నాయో వెలుతురు ఉండగానే చూసుకోండి, అక్కడివాళ్ళకి ముందే చెప్పి ఉంచండి, కొత్తచోట మొదటి రాత్రి వచ్చే అవకాశం ఎక్కువ.

హన్మకొండ_నాన్న
సరే అక్కా. మా అత్తగారింట్ల నుయ్యి ఉన్నది, బావమర్దికి ఇప్పుడే ఫోన్ చేసి పైన జాలి వేయించమంట.